ఎడమచేతి కన్చెర్టో: రికార్డుకు కళ్ళు లేవు

మన ఇళ్ళలో ఎడమచేతికి ఏమంత గౌరవం లేదు. ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేతితోనే జరగాలి. పుర్రచేయి చాచిన పసివాడికి, చేయి మార్చుకొనేదాకా, అమ్మమ్మ అరిసె ముక్క అయినా పెట్టదు. ఇతిహాసంలో మాత్రం ఆ చేతికి కొంత న్యాయం జరిగింది. అర్జునుణ్ణి సవ్యసాచి అన్నారంటే ఎడమచేతితో సైతం నారి లాగి బాణం విడువగలవాడని గదా అర్థం. కాని అక్కడ కూడా ఎడమచేయి కుడిచేతికి తోడు వచ్చిన బలమే తప్ప, కుడిచేయి పోయినవానికి మిగిలిన దిక్కు కాదు. అట్టివానికి ఆ ఒక్క చేయి ఏమి కాగలదో చూపిన కృతి ఒకటి పాశ్చాత్య సంగీతంలో వున్నది. ఫ్రెంచి సంగీతకర్త మారిస్ రావెల్ 1929–30 సంవత్సరాలలో రచించిన ఎడమచేతి పియానో కన్చెర్టో అది. వాయించడానికి పట్టేది ఇంచుమించు పద్దెనిమిది, పందొమ్మిది నిమిషాలు. దానికి వెలువడిన రికార్డులలో కొన్నింటిని పక్కపక్కన పెట్టి విని, తోచిన మాటలు పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఒక కావ్యానికి పది ప్రతులు ముందు వేసుకొని పాఠాంతరాలు సరిచూసుకోవడం తెలుగు పంతుళ్ళకు అలవాటైన పనే. ఇక్కడ తాళపత్రాలకు బదులు గ్రామఫోను ప్లేట్లు, అంతే భేదం.

కన్చెర్టో అంటే ఒక ప్రధాన వాద్యానికీ, నిండు ఆర్కెస్ట్రాకూ నడిచే సంవాదం. అందులో స్నేహం వుంటుంది, స్పర్ధ వుంటుంది, అప్పుడప్పుడు అలకలూ వుంటాయి. మామూలు పియానో కన్చెర్టోలో వాదకుడి పది వేళ్ళు ఒకవైపు, వాద్యబృందమంతా మరొకవైపు. ఇక్కడ అయిదు వేళ్ళే. ఎదుట వున్న బృందాన్ని రావెల్ ఏమీ తగ్గించలేదు. తీగవాద్యాలు, వేణువులు, కొమ్ములు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, డప్పులు, తాళాలు అన్నీ పూర్తి సన్నాహంతో నిలబడి వుంటాయి. ఒంటిచేతివాడని జాలి తలచి ఎదిరి పక్షాన్ని కుదించి వుంటే ఈ కృతికి ఇంత ప్రతిష్ఠ వచ్చేది కాదు.

దీనిని వ్రాయించుకున్నవాడు వియన్నా వాస్తవ్యుడు పాల్ విట్‌గెన్‌స్టైన్. 1887లో పుట్టాడు. తండ్రి ఉక్కు పరిశ్రమలో అపారమైన ధనం గడించినవాడు. తత్త్వవేత్తగా లోకమెరిగిన లూడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ ఇతనికి తమ్ముడు. బ్రామ్స్ వంటివారు వచ్చిపోయే ఇల్లు అది. పాల్ 1913 డిసెంబరులో వియన్నాలో మొదటి కచేరి చేశాడు. ఏడాది తిరగకుండానే మహాయుద్ధం వచ్చింది. 1914 ఆగస్టులో పోలిష్ ప్రాంతంలో శత్రువుల జాడ తీయడానికి వెళ్ళినప్పుడు కుడిమోచేతికి తుపాకి గుండు తగిలింది. చేయి తీసివేశారు. అతడు కోలుకోకముందే రష్యన్లు ఆ ఆసుపత్రిని పట్టుకున్నారు. ఖైదీగా సైబీరియాలోని ఓమ్‌స్క్‌కు చేరాడు. అక్కడ ఒక చెక్కపెట్టె మీద బొగ్గుతో పియానో మెట్లు గీసుకొని, మిగిలిన చేతితో ఆ మూగ మెట్ల మీద సాధన చేశాడట. వియన్నాలో వున్న తన గురువు, అంధుడైన జోసెఫ్ లాబోర్‌కు కబురు పంపి ఎడమచేతికి ఒక రచన కావాలని అడిగాడు. అడగకముందే గురువు వ్రాయడం మొదలుపెట్టి వున్నాడని చెబుతారు. ఆ బొగ్గుగీతల పెట్టె తలపుకు వచ్చినప్పుడెల్లా మట్టిబొమ్మ ముందు విద్య నేర్చిన ఏకలవ్యుడు మనసులో మెదులుతాడు.

యుద్ధానంతరం విట్‌గెన్‌స్టైన్ తన ధనాన్ని సద్వినియోగం చేశాడు. రిచర్డ్ స్ట్రాస్, ఫ్రాంజ్ ష్మిట్, కోర్న్‌గోల్డ్, హిండెమిత్, ప్రొకోఫియెవ్, తరువాత ఇంగ్లండువాడైన బ్రిటెన్ — ఇందరి చేత ఎడమచేతి రచనలు చేయించాడు. వచ్చినవన్నీ అతనికి నచ్చలేదు. హిండెమిత్ 1923లో వ్రాసి ఇచ్చిన దానిని వాయించకుండా దాచివేశాడు. అది 2004 దాకా లోకానికి వినబడలేదు. 1931లో ప్రొకోఫియెవ్ వ్రాసినదానినీ వాయించలేదు. దానిని 1956లో బెర్లిన్‌లో మొదటిసారి వాయించిన సీగ్‌ఫ్రీడ్ రాప్ రెండవ ప్రపంచయుద్ధంలో కుడిచేయి కోల్పోయినవాడు. డబ్బిచ్చి కృతులు వ్రాయించి, పెట్టెలో పెట్టి తాళం వేసే దాత సంగీత ప్రపంచానికి మేలు చేశాడా, కీడు చేశాడా అన్న ప్రశ్న వేరొకప్పుడు చర్చించవలసినది.

రావెల్ ఈ పనికి ఒప్పుకోవడంలో ఒక విశేషం వున్నది. అతడూ ఆ యుద్ధాన్ని చూసినవాడే. నలభై దాటిన వయసులో, బక్కపలచని మనిషి, ఫ్రెంచి సైన్యంలో లారీ నడిపాడు, అదీ 1916లో వెర్డన్ ప్రాంతంలో. యుద్ధంలో పోయిన మిత్రుల పేర ఒక్కొక్క భాగాన్ని అంకితం చేస్తూ పియానోకు ఒక రచన చేశాడు. అటువంటి ఫ్రెంచివాడు, నిన్నటిదాకా శత్రుపక్షాన నిలిచిన ఆస్ట్రియా సైనికుని కోసం, ఆ యుద్ధమే తెగవేసిన చేతికి బదులుగా ఈ కృతి వ్రాశాడు. ఇందులోని చీకటి ఎక్కడనుంచి వచ్చిందో వేరే వెదకనక్కరలేదు.

ఇక ఒంటిచేతితో పియానో వాయించడంలోని కిటుకు కొంత తెలుసుకోక తప్పదు. రికార్డులను పోల్చడానికి అదే గీటురాయి. పియానో మెట్లలో మంద్రస్థాయి ఎడమకొసన, తారస్థాయి కుడికొసన వుంటాయి. మామూలుగా ఎడమచేయి కింద ఆధారస్వరాలు పలికిస్తుంటే కుడిచేయి పైన బాణీ పాడుతుంది. చేయి ఒక్కటే అయినప్పుడు అది ఎడమకొసన ఒక మంద్రస్వరం మీటి, తక్షణం ఎగిరి కుడివైపు వచ్చి బాణీ అందుకోవాలి. ఆ మధ్యలో మంద్రస్వరం ఆరిపోకుండా కాపాడేది కాలికింది పెడల్. అదృష్టవశాత్తు ఎడమచేతికి ఒక అనుకూలం వున్నది. దాని బొటనవేలు చేతికి కుడివైపున, అంటే పైస్వరాల వైపున వుంటుంది. వేళ్ళన్నిటిలో బలమైనది అదే. పాటలో పైకి వినబడవలసిన స్వరం దాని కిందనే పడుతుంది. ద్రోణుడు అడిగి పుచ్చుకున్నది కుడిచేతి బొటనవేలు. రావెల్ తన కృతి మొత్తాన్ని నిలబెట్టినది ఎడమచేతి బొటనవేలి మీద.

ఆ కొసనుంచి ఈ కొసకు చేయి ప్రయాణం చేసే క్షణకాలం వున్నది చూశారూ, ఈ కృతికి ప్రాణం అక్కడ వున్నదని నాకు తోస్తుంది. రెండు చేతులున్నవాడు ఒకేసారి మీటగలిగిన రెండు స్వరాలను, ఇతడు ముందొకటి వెనకొకటిగా మీటుతాడు. మధ్యన ఒక సన్నని సందు. కచేరిలో ఆ సందును కళ్ళు పూడుస్తాయి. చేయి ఎగరడం చూస్తాము, మొండెం మొత్తం కుడికి వాలడం చూస్తాము, కుడిచేయి వున్నవాడైతే దానిని ఒడిలో పెట్టుకొనో, కూర్చున్న బల్లను పట్టుకొనో వుండడం చూస్తాము. రికార్డులో ఇదేదీ లేదు. రికార్డుకు కళ్ళు లేవు. వినేవానికి దక్కేది స్వరం, స్వరానికీ స్వరానికీ నడుమనున్న ఆ సందు.

ఇక్కడొక చిక్కు వచ్చిపడుతుంది. ఇట్టి రచనలో వినికిడి పలచబడకూడదని, రెండు చేతులకు వ్రాసినంత నిండుగా వుండాలని రావెల్ స్వయంగా 1931లో చెప్పుకున్నాడు. అందుకోసం ఎడమచేతికి సెయింట్-సాన్స్ వ్రాసిన అభ్యాసరచనల వంటివి ముందుగా చదివి పెట్టుకున్నాడు. అంటే శ్రోతను భ్రమింపజేయడమే అతని సంకల్పం. ఆ భ్రమ రికార్డులో పూర్తిగా నెరవేరితే ఏమవుతుంది? కంటికి కనబడే సాక్ష్యం లేదు గనుక, అది రెండు చేతులవాడు వాయించిన మరొక కన్చెర్టో అవుతుంది. ఒంటిచేతివాని సాహసం ఎంత బాగా ఫలిస్తే అంతగా మాయమైపోతుంది. ఈ చిక్కును ఏ వాదకుడు ఎట్లా విప్పుకున్నాడన్నదే నేను రికార్డులలో వెదికినది.

కృతి నడక సంగ్రహంగా ఇది. మొదట గొంతు పెగలని గుణుగుణు, పెద్ద తీగవాద్యాల అట్టడుగు తీగల మీద. ఆ మబ్బులోనుంచి కాంట్రాబసూన్ అనే అతిమంద్ర సుషిరవాద్యం తడుముకుంటూ పైకి పాకుతుంది. మరెవరూ ఏకాంతంగా పాడనివ్వని ఆ వాద్యానికి రావెల్ మొదటి మాట ఇచ్చాడు. రెండు నిమిషాలకు పైగా వాద్యబృందం పెరిగి పెరిగి శిఖరం ముట్టగానే హఠాత్తుగా ఆగుతుంది. అప్పుడు పియానో ఒంటరిగా, ఏ తోడూ లేకుండా, అట్టడుగునుంచి లేస్తుంది. ఇటువంటి ఒంటరి ఘట్టాన్ని కదెంజా అంటారు. పూర్వం ఇందులో వాదకుడు మన విద్వాంసుని వలె మనోధర్మం చూపించేవాడు. రావెల్ మాత్రం ప్రతి స్వరమూ తానే వ్రాసిపెట్టాడు. గంభీరమైన విలంబ భాగం తరువాత పటాలం నడకవంటి వేగభాగం వస్తుంది. అమెరికా నీగ్రో జాతి సృష్టి అయిన జాజ్ సంగీతపు వాసన అందులో గుప్పుమంటుంది. బసూన్ ఒకటి లయకు అడ్డం తిరిగి, తాగినవాని వలె తూలుతూ పాడుతుంది. చివర విలంబ భాగపు ఘనత మళ్ళీ వచ్చి, పియానోకు సుదీర్ఘమైన రెండవ కదెంజా. ఆ పైన అయిదే అయిదు ఆవృత్తాల వేగభాగం తలుపు మీద దబదబా గుద్దినట్లు వచ్చి, కృతి ముగుస్తుంది.

1932 జనవరి 5న వియన్నాలో విట్‌గెన్‌స్టైన్ దీనిని మొదటిసారి వాయించాడు. అంతకుముందు రావెల్ తానే పియానో ముందు కూర్చొని, ఒంటిచేతి రచనను రెండు చేతులతో వాయించి వినిపిస్తే అతనికి అంతగా రుచించలేదట. కదెంజా చూసి, ఆర్కెస్ట్రా లేకుండా వాయించదలచుకుంటే కన్చెర్టో ఎందుకు వ్రాయించుకుంటానని అన్నాడట. కొన్ని నెలలు సాధన చేసిన తరువాతగాని దాని గొప్పతనం తెలిసిరాలేదు. తెలిసినా ఊరకుండలేదు. ఆర్కెస్ట్రా పాడవలసిన పంక్తులు కొన్ని తాను లాక్కున్నాడు, కదెంజాను మార్చాడు. రావెల్ అది వియన్నాలోనే విని మండిపడ్డాడు. వాదకులు బానిసలు కారాదని ఇతడంటే, వాదకులు బానిసలేనని రావెల్ జవాబిచ్చాడని ప్రసిద్ధి.

ఈ తగవులో నేను మొదట రావెల్ పక్షమే. మూలంలో లేనిదేదీ వ్రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడు గదా. ఆయన వ్యాఖ్యానాలతో చదువుకున్నవారికి విట్‌గెన్‌స్టైన్ చేసినది ప్రక్షిప్తంగానే కనబడుతుంది. మన కీర్తనకు నెరవు, స్వరకల్పన అనుమతమే గాని, వాటికి చోటు సంప్రదాయం నిర్ణయించి పెట్టింది. ఎక్కడబడితే అక్కడ చరణానికి మాటలు చేరిస్తే ఎవరు ఊరుకుంటారు?

అయితే 1937లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రూనో వాల్టర్ నడిపిన కచేరి రికార్డు ఒకటి మిగిలి వున్నది. వాయించినవాడు విట్‌గెన్‌స్టైన్. పాతకాలపు బరబరలో సగం మునిగిపోయిన ధ్వని. కాంట్రాబసూన్‌ను ఊహించుకోవలసిందే. పియానో ప్రవేశించగానే మనకు వినబడేది అందం కాదు. స్వరాలు తప్పుతాయి, కొన్నిచోట్ల అతని సొంత చేర్పులు మొరటుగా బయటపడతాయి. మీటు గట్టిది, దాదాపు క్రూరమైనది. అచ్చు పుస్తకం చేతపట్టుకొని వినే పండితుడు అడుగడుగునా ఎర్రసిరాతో గీత గీయవచ్చు. నేనూ మొదటిసారి అదే చేశాను. మూడవసారి వింటున్నప్పుడు గీతలు గీయడం మాని ఆ సందును విన్నాను. మంద్రస్వరానికీ బాణీకీ నడుమ ఇతడు ఓపిక పట్టడు. చేయి గమ్యం చేరకముందే స్వరం మీద పడుతుంది. ఆ తొందర నిర్లక్ష్యం కాదు. ఒంటిచేతివాడు గదా అని ఎవడైనా ఒక్క క్షణం అనుకుంటాడేమోనన్న భయం అది. అనుకొనే వ్యవధి ఇవ్వకూడదన్న పంతం. చేర్పులన్నీ కూడా ఆ దారినే వచ్చినవి. చాలదేమోనన్న అనుమానంతో చేర్చినవి. చాలునని రావెల్‌కు తెలుసు. లేని చేయి ఎవరిదో వానికి మాత్రం తెలియలేదు. అతణ్ణి సమర్థించను. కాని ఆ రికార్డును తప్పుల పట్టికగా చూసే విమర్శకులతో ఇప్పుడు ఏకీభవించలేను.

మూలాన్ని ఉన్నదున్నట్లు వినిపించే భాగ్యం జాక్ ఫెవ్రియే అనే ఫ్రెంచివానికి దక్కింది. రావెలే అతణ్ణి ఎంచుకున్నాడు. అదే 1937లో షార్ల్ మ్యూన్ష్ నాయకత్వాన పారిస్‌లో వాయించాడు. ఆ ఏడాది డిసెంబరులోనే రావెల్ చనిపోయాడు. అప్పటికే మెదడు జబ్బుతో సంగీతం వ్రాయలేని స్థితికి వచ్చి కొన్నేళ్ళయింది. ఫెవ్రియే యుద్ధకాలంలో మ్యూన్ష్‌తోనే చేసిన రికార్డు సద్బ్రాహ్మణుడు స్వరం తప్పకుండా చెప్పిన పనస వంటిది. గౌరవించవలసినది, మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది కాదు.

ఆల్ఫ్రెడ్ కోర్టో 1939లో, మ్యూన్ష్ నాయకత్వంలోనే ఇచ్చిన రికార్డు మరొక లోకం. అరవై దాటిన మహావాదకుడు. ఇతడు ఈ కృతిని రెండు చేతులకు మార్చి వ్రాసుకుంటే రావెల్ సమ్మతించలేదు. ప్లేటుకు ఒకవైపు నాలుగైదు నిమిషాలే పట్టే రోజులు. శిఖరం ఎక్కుతుండగా ప్లేటు తిరగవేయవలసి వచ్చేది. కోర్టో తప్పుస్వరాలకు పేరుబడ్డవాడు, ఇక్కడా కొన్ని వున్నాయి. కాని విలంబ భాగంలో అతని బాణీ మనిషి గొంతువలె మాట్లాడుతుంది. సందును అతడు దాచడు, తొందరపడడు. దానిని లయలో కలిపివేస్తాడు. బాణీలోని స్వరం ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా రావడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. రెండు చేతులతో షోపేన్‌ను వాయించినా అట్లాగే వాయిస్తాడు. అందుచేత అతని చేతిలో ఒంటిచేతి లోపం అలంకారంగా మారిపోయింది. ఇది ఒక విధమైన పరిష్కారమే. కోర్టోను తప్ప మరొకరిని వర్తించని పరిష్కారం.

రాబర్ట్ కసాడెసూస్ 1947లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో, ఆర్మండీ నాయకత్వాన చేసిన రికార్డును ఎందరో మెచ్చారు. నిర్మలంగా వుంటుంది, వేగంగా వుంటుంది, ప్రతి స్వరమూ కడిగిన ముత్యం. నన్ను అది కదిలించలేదు. ఇంత చీకటి కృతిలో ఇంత పగటివెలుగు ఎందుకనిపించింది.

ఆగవలసినది సాంసోన్ ఫ్రాంస్వా వద్ద. 1959లో, ఆండ్రే క్లూటెన్స్ నడిపిన పారిస్ కన్సర్వేటరీ ఆర్కెస్ట్రాతో చేసినది ఆ రికార్డు. ఈ ఫ్రాంస్వా కోర్టో వద్ద శిక్షణ పొందినవాడు, జాజ్ అంటే చెవికోసుకొనేవాడు, నిలకడలేని జీవితం గడిపి నలభై ఆరేళ్ళకే 1970లో పోయాడు. ముందు ఆర్కెస్ట్రా సంగతి చెప్పాలి. ఆనాటి ఫ్రెంచి బసూన్ జర్మను బసూన్ వంటిది కాదు. సన్నగా, కొంచెం ముక్కుతో పలుకుతుంది. వేగభాగంలో ఆ తూలే బాణీని అది పాడితే నవ్వూ దుఃఖమూ ఒకేసారి వస్తాయి. జర్మను బసూన్ నున్నని పలుకులో ఆ వికారం పోతుంది, వికారంతోపాటు అర్థమూ కొంత పోతుంది. ఫ్రాంస్వా మొదటి కదెంజాను ఎవరో తరుముతున్నట్లు మొదలుపెట్టి, మధ్యలో ఏదో జ్ఞాపకం వచ్చి నిలబడిపోయినట్లు వాయిస్తాడు. సందును దాచడం మాట అటుంచి, దానితో ఆడుకుంటాడు. చేయి గాలిలో వున్నదని మనకు తెలుస్తుంది, ఎక్కడ వాలుతుందో తెలియదు. దొమ్మరివాడు తాడుమీద కావాలని ఒక్కసారి తూలి చూపిస్తాడే, కింద గుండెలు ఝల్లుమంటాయే, ఆ తూలు అది. రావెల్ విని వుంటే కోప్పడేవాడేమో. అయినా వ్రాసిన స్వరాలను అతడు మార్చలేదు. విట్‌గెన్‌స్టైన్ అక్షరాలు మార్చి తెచ్చుకున్న స్వాతంత్ర్యాన్ని ఇతడు అక్షరాల మధ్యనున్న ఖాళీలో తెచ్చుకున్నాడు. బానిస, ప్రభువు అన్న తగవుకు ఇంతకంటె మంచి తీర్పు నాకు కనబడలేదు.

1990లలో క్రిస్టియన్ జిమర్‌మన్, పియేర్ బూలేజ్ నాయకత్వాన లండన్ సింఫనీతో చేసిన రికార్డులో యంత్రకౌశలం పరాకాష్ఠకు చేరింది. కాంట్రాబసూన్ ఊపిరి కూడా వినబడుతుంది. పియానో ధ్వని కొండంత. రావెల్ కోరిన భ్రమ సంపూర్ణంగా సిద్ధించినది ఇక్కడే. సందు లేదు. చేతులు రెండో మూడో వున్నట్లు వుంటుంది. ఆశ్చర్యపడి, తల వంచి, ఆ ప్లేటును బీరువాలో పెట్టాను. మళ్ళీ తీయబుద్ధి కాలేదు. 2022లో వెలువడిన సెడ్రిక్ టిబెర్గియెన్ రికార్డు దీనికి ఎదురుదిక్కున నడుస్తుంది. ఫ్రాంస్వా-గ్జావియే రోత్ నడిపిన లె సియెక్ల్ బృందం ఆ కాలపు వాద్యాలతో, నరపు తీగలతో వాయిస్తుంది. పియానో కూడా 1892 నాటి ప్లెయెల్. పాత పియానోలో మంద్రస్వరం ఒక గొంతు, తారస్వరం మరొక గొంతు. కనుక చేయి ప్రయాణం చేస్తే మనిషి ఒక గదిలోనుంచి మరొక గదిలోకి వెళ్ళినట్లు వినబడుతుంది. నేటి నల్లని పెద్ద పియానోలు చెరిపివేసిన గోడ అది.

చివరికి దాచుకున్న పేరు లియోన్ ఫ్లైషర్. 1928లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఈ అమెరికను ష్నాబెల్ శిష్యుడు. యౌవనంలోనే జార్జ్ సెల్ నాయకత్వాన బెతోవెన్, బ్రామ్స్ కన్చెర్టోలు రికార్డు చేసి అగ్రశ్రేణికి చేరాడు. 1964 ప్రాంతంలో, ముప్పై ఆరేళ్ళ వయసులో, కుడిచేతి చివరి రెండు వేళ్ళు తమంతట తాము లోపలికి ముడుచుకుపోసాగాయి. గాయం లేదు, తూటా లేదు. చేయి వున్నది, పని చేయదు. దానికి డిస్టోనియా అన్న పేరు తెలియడానికే ఏళ్ళు పట్టాయి. ఆ నడిమికాలమంతా పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు, ఎడమచేతితో రావెల్ వాయించాడు. 1990లలో బొటాక్స్ సూదిమందుతో కుడిచేయి కొంత స్వాధీనమై, 2004లో రెండు చేతుల రికార్డు వెలువరించాడు. విట్‌గెన్‌స్టైన్ దాచివేసిన హిండెమిత్ రచనను అదే ఏడాది బెర్లిన్‌లో మొదటిసారి వినిపించినవాడూ ఇతడే. 2020లో చనిపోయాడు.

1990ల ఆరంభంలో సైజీ ఒజావా నడిపిన బోస్టన్ సింఫనీతో అతడు చేసిన రావెల్ రికార్డు వెలువడింది. విట్‌గెన్‌స్టైన్ తిరస్కరించిన ప్రొకోఫియెవ్ కన్చెర్టో, బ్రిటెన్ రచన కూడా ఆ పళ్ళెంలోనే వున్నాయి. ఫ్రాంస్వా చిలిపితనం ఇందులో లేదు, జిమర్‌మన్ కొండ లేదు. వేగభాగంలో బసూన్ మరీ బుద్ధిమంతుని వలె పాడుతుందని ఒప్పుకుంటాను. జాజ్ మత్తు ఇక్కడ తక్కువే. విలంబ భాగాలు వచ్చేసరికి మాత్రం పోల్చడానికి మరొక రికార్డు దొరకదు. ఫ్లైషర్ మంద్రస్వరాన్ని మీటి, దానిని పూర్తిగా మోగనిస్తాడు. తరువాత చేయి వెళుతుంది. తొందర లేదు, ఆట లేదు, దాపరికం లేదు. దూరం ఎంతో అంత సేపు. పైస్వరం వచ్చి ఆ మంద్రస్వరపు మోతలో కూర్చుంటుంది. రెండు చేతులతో లోకాన్ని మెప్పించినవాడు, మూడు దశాబ్దాలకు దగ్గరగా ఆ దూరాన్ని ప్రతిరోజూ కొలిచినవాడు, దానిని ఉన్నంతే చూపిస్తున్నాడు. రావెల్ కోరిన నిండుతనం వున్నది, ఒంటిచేయీ వున్నది. ఒకదానిని రెండవది మింగివేయలేదు.

ఈ కృతిని కొత్తగా వినబోయేవారికి నా సలహా ఇది. ముందు ఫ్రాంస్వాను వినండి. చీకటిలో పడి, నవ్వి, భయపడి బయటికి రండి. రెండు మూడు రోజులు గడిచిన తరువాత ఫ్లైషర్‌ను వినండి. ఆపైన ఓపిక వుంటే ఆమ్‌స్టర్‌డామ్ బరబరలోని విట్‌గెన్‌స్టైన్‌ను. అచ్చు పుస్తకం దగ్గర పెట్టుకోవద్దు. రెండవ కదెంజాలో ఒకచోట అతని చేయి అడుగుకు దిగి, పైకి ఎగిరి, గురి తప్పి పక్కమెట్టు మీద పడుతుంది. వెనువెంటనే, ఇంకా గట్టిగా, సరైన దారి పట్టి సాగిపోతుంది.